పాత కారుకు ఏ పెట్రోలు?

సంపాదకులవారు మూడు మాసాలుగా ఏదైనా వ్రాసి ఇమ్మంటున్నారు. నేను మెట్రిక్ దాటి చదువుకున్నవాణ్ణి కాను. నాకు తెలిసిన పనులు రెండే. ఒకటి చక్కెర కర్మాగారం ఆఫీసులో గేటు పాసులు వ్రాయడం, రెండవది మా బాపు వదలి వెళ్ళిన కారును ఎట్లాగో నడిపించుకోవడం. ఈ రెండింటికీ ఒక సంబంధం ఉన్నదని 2025 జూలై వరకు నాకు తట్టలేదు. తట్టిన తీరు చెబుతాను. మన షోలాపూరులో చాలా ఇండ్ల ముందు తండ్రి నాటి బండి ఒకటి ఉన్నది గనుక, ఎవరికైనా అక్కరకు వస్తుందేమో.

మా కారు 1998 నాటి మారుతి 800. తెల్లది, తెల్లగా ఉండేది అనడం న్యాయం. ఈ కాలపు కార్లలో ఉండే కంప్యూటరు వగైరాలు దీనికి లేవు. గాలినీ పెట్రోలునూ కలిపే పని కార్బురేటరుది. వెనుక టాంకులోనుంచి పెట్రోలును లాగి దానికి అందించే పని, ఇంజనుకు అంటుకొని ఉండే ఒక చిన్న పంపుది. ఆ పంపు లోపల రబ్బరు పొర ఒకటి ఊపిరి తీసినట్లు పైకీ క్రిందికీ ఆడుతూ ఉంటుంది. ఈ రబ్బరు పొరను కాస్త జ్ఞాపకం ఉంచుకోవలసిందిగా మనవి.

బాపు దీనిని 2005లో భిశీ ఎత్తిన డబ్బుతో, ఒకరు వాడి అమ్మితే కొన్నాడు. ముప్ఫయి ఏండ్లు మరమగ్గం మీద దుప్పట్లు నేసినవాడు ఇంటిముందు కారు నిలబెట్టడమంటే మా పేటలో ఎట్లాంటి సంగతో మీకు వేరే చెప్పనక్కరలేదు. మొదటి వారం దానిని కదిలించనే లేదు. మగ్గం దగ్గర మిగిలిన నూలు పీచు తెచ్చి రెండు పూటలా తుడిచాడు. ముందు అరలో చిన్న డైరీ ఒకటి పెట్టుకున్నాడు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటరు చూపే అంకె అందులో వ్రాసేవాడు. ఆయన వ్రాత వంకర, లెక్క మాత్రం ఎన్నడూ వంకర పోలేదు. ఆ డైరీ ఇప్పటికీ అక్కడే ఉన్నది. వ్రాసే చెయ్యి మారింది, అంతే.

ఇక్కడ కొంచెం ప్రక్కకు వెళ్ళాలి. 2021లో బాపుకు గుండె జబ్బు వచ్చింది. డాక్టరుగారు వ్రాసిన మాత్రలు ఒక పేరున్న కంపెనీవి. అదే మందు, అంతే మోతాదు, పేరు లేకుండా అమ్మేవి చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. బాపే పట్టుబట్టి వాటిని తెప్పించుకున్నాడు. "పేరు మింగుతమా, మందు మింగుతమా?" అనేవాడు. డాక్టరుగారిని అడిగితే ఆయనా ఫరవాలేదనే అన్నారు. 2022 జనవరిలో బాపు పోయాడు. దినవారాలకు వచ్చిన చుట్టాలలో ఒకాయన భోజనాల దగ్గర, "కొంచెం ఖరీదైన మందు వాడి ఉంటే ఇంకో రెండేండ్లు ఉండేవాడు" అన్నాడు. ఆ మాట అని ఆయన పెరుగు వడ్డించుకున్నాడు. నేను మాత్రం దానిని ఇంటికీ ఆఫీసుకూ మోసికొని తిరిగాను. నాలుగేండ్లు కావస్తున్నా పూర్తిగా దింపలేదు.

ఆ తర్వాత అమ్మ వంతు వచ్చింది. 2024 నుంచి అమ్మకు మూత్రపిండాలు సరిగా పనిచేయడం లేదు. మంగళవారం, శుక్రవారం డయాలిసిస్. ఒక్కొక్కసారి నాలుగు గంటలు పడుతుంది. అది అయిన తర్వాత మనిషి పిండిన బట్టలాగా ఉంటుంది. ఆటోలో కూర్చోబెట్టి తెస్తే ప్రతి గుంతకూ మూలుగుతుంది. కారు వెనుక సీటులో కాళ్ళు ముడుచుకొని పడుకుంటే ఇల్లు చేరేసరికి ఒక కునుకు తీస్తుంది. కనుక మా ఇంట్లో కారు విలాసం కాదు. మాత్రలు, కూరలో ఉప్పు తగ్గించడం, ఇట్లాంటివాటిలో అదీ ఒకటి.

2024 డిసెంబరులో ఒక ఆదివారం, కాస్త ఓపిక ఉన్నదని, అమ్మను తుల్జాపూరు భవానీ దర్శనానికి తీసుకువెళ్ళాను. ఊరు దగ్గర పడి ఘాటు ఎక్కేటప్పుడు ఇంజనులోనుంచి ఒక చప్పుడు మొదలయింది. ఇనుప డబ్బాలో గోళీలు పోసి ఆడించినట్లు టకటకటక. ఆక్సిలరేటరు తొక్కినకొద్దీ ఎక్కువ, వదిలితే తక్కువ. వెనుక నుంచి అమ్మ, "బాపు ఉన్నప్పుడు గిట్ల చప్పుడు చెయ్యలేదు" అన్నది. ఆమె మామూలుగానే అన్నది. నాకు పెరుగు వడ్డించుకున్న ఆ చుట్టం కండ్లముందు నిలిచాడు.

మర్నాడు పెట్రోలు బంకుకు వెళ్ళాను. అక్కడి కుర్రవాడు రోజూ అడిగే ప్రశ్నే అడిగాడు: "సాధం కీ ప్రీమియం?" రోజూ "సాధం" అనేవాణ్ణి. ఆనాడు చప్పుడు సంగతి చెప్పాను. "పాత ఇంజను సాహేబ్, ప్రీమియం పోయించండి, లోపలంతా శుభ్రమవుతుంది, బలమూ వస్తుంది" అన్నాడు. సాదా పెట్రోలు నూట నాలుగు రూపాయల చిల్లర. ఖరీదైనది దానికి ఎనిమిది రూపాయలు పైమాట. ఎనిమిది రూపాయలకు బలం వస్తుందంటే కాదనడానికి నేనెవణ్ణి? "పొయ్యి" అన్నాను.

అట్లా జూలై వరకు ఎనిమిది నెలలు పోయించాను. ఆసుపత్రి ప్రయాణాలకూ, నెలకు రెండుసార్లు అక్కల్‌కోటలో ఉన్న పెద్దమ్మ ఇంటికీ కలిపి మాకు నెలకు ఇరవై లీటర్లు పడతాయి. అంటే నెలకు నూట అరవై రూపాయలు అదనం. నవ్వకండి. అమ్మకు వ్రాసిన మాత్రలలో ఒక పట్టీ ధర అది. మా ఇంటావిడ జమాఖర్చు పుస్తకంలో ఈ అదనాన్ని పెట్రోలు క్రింద వ్రాయకుండా వేరే పద్దు పెట్టి, "మామయ్య కారుకు టానిక్కు" అని వ్రాసింది. వ్రాసి ఊరుకున్నది. ఆమె ఊరుకున్నదంటే ఒప్పుకున్నదని కాదు. ఇరవై యేండ్ల కాపురంలో ఈ మాత్రం తెలుసుకున్నాను.

ఫలితం లేదని చెప్పను. చప్పుడు కొంత తగ్గింది. కారు కూడా చురుకుగా పోతున్నట్లు మొదటి పదిహేను రోజులు తోచింది. డైరీ తీసి లెక్క కట్టితే లీటరుకు వచ్చేది మునుపటి పదిహేను కిలోమీటర్లే. చురుకుదనం చెవిలోనే ఉండిపోయింది, చక్రాలదాకా పోలేదు. అయినా మానలేదు. పైగా ఒకసారి ఆశ పుట్టి, నూరు అంకె వేసి అమ్మే పెట్రోలును వెతికి అయిదు లీటర్లు పోయించాను. అది అన్ని బంకులలో దొరకదు. ధర సాదా పెట్రోలు మీద ఒకటిన్నర రెట్లు.

ఆ అంకెల సంగతి మా మేనమామ కొడుకు కారణంగా మరింత చిక్కు పడింది. బావ టెక్సాసులో ఉంటాడు. ఫోనులో మాటల సందర్భాన, "మా దగ్గర 87 సాదా, 91, 93 ప్రీమియం. నువ్వు మాత్రం పాత కారుకు 91కి తక్కువ పోయించకు" అని గట్టిగా చెప్పాడు. తీరా విచారిస్తే మన దేశంలో సాదా పెట్రోలుకే 91! అమెరికావాడు ఖరీదు పెట్టి కొనేది మనవాడు సాదాగా అమ్ముతున్నాడా? రెండు రోజులు నాకు దేశభక్తి పొంగింది. తర్వాత తెలిసింది, కొలిచే పద్ధతులే వేరట. పెట్రోలును రెండు రకాలుగా పరీక్ష చేస్తారు. ఒకటి తేలిక, రెండవది కఠినం. మనవాళ్ళు తేలిక పరీక్షలో వచ్చిన అంకెను చెబుతారు. అమెరికావాళ్ళు రెండింటి సగటు చెబుతారు. వాళ్ళ 87, మన 91 ఇంచుమించు ఒకటే సరుకు. శేరుకూ కిలోకూ తేడా చూడకుండా బేరమాడినట్లయింది మా సంభాషణ.

ఇంతకూ ఆ అంకె దేనిని చెబుతుంది? ఇది నాకు బంకు కుర్రవాడు చెప్పలేదు, బావా చెప్పలేదు. మా కర్మాగారంలో డిస్టిలరీ విభాగపు కెమిస్టుగారు, మధ్యాహ్నం డబ్బా విప్పుకొని తింటూ, చపాతీ చేత్తో పట్టుకొని చెప్పారు. సిలిండరులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసి ఉంటాయి. పిస్టను వాటిని అదిమి అదిమి పట్టి ఉంచుతుంది. సరిగ్గా అప్పుడు ప్లగ్గు నిప్పురవ్వ వేస్తే మిశ్రమం అంటుకొని పిస్టనును త్రోస్తుంది. అది పద్ధతి. కాని అదిమినకొద్దీ వేడి పుడుతుంది గదా! మంట పూర్తిగా వ్యాపించేలోపలే ఒక మూల మిగిలిన మిశ్రమం ఆ వేడికీ ఒత్తిడికీ తాళలేక తనంత తానే భగ్గుమంటే, ఆ దెబ్బే టకటక. తాళి ఉండే గుణం ఏ పెట్రోలుకు ఎంత ఉన్నదో చెప్పేది ఆక్టేన్ అంకె. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి నూరు మార్కులు, హెప్టేన్ అనేదానికి సున్న అని పెట్టుకొని, వాటితో పోల్చి తక్కిన పెట్రోళ్ళకు మార్కులు వేస్తారు.

"అంటే బలం కాదా?" అని అడిగాను.

"బలం కాదు, ఓర్పు" అన్నారు ఆయన. "గట్టిగా అదిమే ఇంజనుకు ఓర్పుగల పెట్రోలు కావాలి. మీ కారు 1998ది. అప్పుడు దేశంలో దొరికే పెట్రోలు ఇప్పటిదానికంటె తక్కువ అంకెది. దానితో నడవడానికే ఆ ఇంజనును తయారుచేశారు. దానికి ఇంకా ఓర్పుగల పెట్రోలు పోస్తే ఆ ఓర్పును అది ఏం చేసుకుంటుంది?" కొత్త కార్లలో కొన్నింటికి చప్పుడును పసిగట్టి నిప్పురవ్వ వేళను ముందుకూ వెనుకకూ జరుపుకునే ఏర్పాటు ఉంటుందట, అవి మంచి పెట్రోలు పోస్తే కొంత లాభం పొందవచ్చును. మా కార్బురేటరు కారుకు ఆ తెలివి లేదు. సాదా పెట్రోలు చాలునని తయారుచేసిన కార్లకు ప్రీమియం పోసి అమెరికావాళ్ళు ఒక్క ఏడాదిలో 210 కోట్ల డాలర్లకు పైగా వృథా చేశారని అక్కడి మోటారు వాహనదారుల సంఘం 2016లో లెక్క తేల్చింది. ఆ సంగతి బావకు తెలియజేస్తే, ఆయన మూడు రోజులు ఫోను చేయలేదు.

"మరి పోస్తే చప్పుడు తగ్గింది గదండీ?" అన్నాను కెమిస్టుగారితో. "అయితే మీ ఇంజనులో ఏదో తేడా ఉన్నది. చూపించుకోండి" అన్నారు. చూపించుకోలేదు. ఖరీదైనది పోస్తున్నాను గదా అనే ధీమా. ఈ వ్యాసంలో నా తప్పు ఏదైనా ఉన్నదంటే అది ఇదే.

2025 జూలైలో ఒక శుక్రవారం. సన్నగా వర్షం. డయాలిసిస్ అయిన తర్వాత అమ్మను వెనుక పడుకోబెట్టి ఆసుపత్రి దాటి రెండు ఫర్లాంగులు వచ్చానో లేదో, కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తాళం త్రిప్పితే తిరుగుతుంది, అంటుకోదు. మూడవసారి త్రిప్పబోతుంటే గుప్పుమని పెట్రోలు వాసన. అమ్మ ముందుగా పసిగట్టింది. "తిప్పకు బిడ్డా, తిప్పకు" అన్నది. గట్టిగా అనే ఓపిక కూడా లేదామెకు. దిగి బానెట్ ఎత్తాను. పంపునుంచి కార్బురేటరుకు వెళ్ళే రబ్బరు గొట్టం చీలి, వేడి ఇంజను మీద పెట్రోలు బొట్లు బొట్లుగా కారుతున్నది. అమ్మ ఆ మాట అనకపోతే, నేను మూడవసారి తాళం త్రిప్పి ఉంటే, ఏమయ్యేదో వ్రాయడానికి నాకు మనసొప్పదు.

దారిన పోయే ఆటో అతను ఆగి, అమ్మను చేతుల మీద ఎత్తి తన బండిలో కూర్చోబెట్టాడు. ఎవరో కన్నడం మాట్లాడే మనిషి. డబ్బు ఎంత ఇవ్వమంటావంటే మీటరు చూపించాడు, అంతే. వర్షంలో, గుంతల్లో, అమ్మ నా భుజాన తల ఆనించుకొని దారి పొడుగునా ఒక్క మాట అనలేదు. ఆనాడు కారులో ఉన్నది ఖరీదైన పెట్రోలు. నిండా పోయించి రెండు రోజులే అయింది.

మరునాడు కారును త్రోయించి మిస్త్రీ దగ్గరికి చేర్చాను. అరవై దాటిన ముసలాయన. చెవి కొంచెం మందం, కాని ఇంజను చప్పుడు మాత్రం వినిపిస్తుంది. నా టానిక్కు కథ అంతా విని, "కాలు విరిగినవాడికి బాదంపాలు పట్టించావు సాహేబ్" అన్నాడు. ముందు నిప్పురవ్వ వేళను పరీక్షించాడు. ఏడాదిన్నర క్రిందట వేరొక గ్యారేజీలో బెల్టు మార్పించాను; అప్పుడు వాళ్ళు డిస్ట్రిబ్యూటరును సరిగా కూర్చోబెట్టలేదు. రవ్వ రావలసిన క్షణానికంటె ముందే వస్తున్నది. అదీ ఘాటులో టకటకకు మూలం. ఓర్పుగల పెట్రోలు పోయడంచేత చప్పుడు అణగింది, తప్పు అట్లాగే ఉన్నది. ఒక మర వదులు చేసి, డిస్ట్రిబ్యూటరును వేలెడు కూడా కాదు, గోరంత త్రిప్పి మళ్ళీ బిగించాడు. దానికి విడిగా డబ్బు తీసుకోలేదు.

తర్వాత పంపు విప్పాడు. లోపలి రబ్బరు పొరను తీసి నా అరచేతిలో పెట్టాడు. నానబెట్టి ఎండబెట్టిన అప్పడంలాగా ఉన్నది. అంచులు ఉబ్బి, నడుమ బిరుసెక్కి, ఒక చోట సన్నని పగులు. చీలిన గొట్టమూ అదే తీరు. "పాత రకపు రబ్బరు. దీనికి వయస్సూ ఉన్నది. దానికి తోడు ఇప్పటి పెట్రోలులో కలుపుతున్న స్పిరిట్టు ఉన్నది. ఎవరి పాలు ఎంతో నేను చెప్పలేను. కాని ఈ రెండు మూడేండ్లలో పాత బండ్లవి ఇట్లాంటివి ఎక్కువగా వస్తున్నాయి" అన్నాడు.

స్పిరిట్టు అంటే ఇథనాల్. చెరకు మడ్డి నుంచి, చెరకు రసం నుంచి, బియ్యం మొక్కజొన్నల నుంచి తీసే మద్యసారం.

ఆ పొరను అరచేతిలో పెట్టుకొని నేను చాలాసేపు అట్లాగే నిలబడ్డాను. ఎందుకంటే మా కర్మాగారం డిస్టిలరీ గేటు దాటి ఆయిల్ కంపెనీలకు పోయే ప్రతి ఇథనాల్ టాంకరుకు పాసు వ్రాసేది నేనే. టాంకరు నంబరు, లీటర్లు, సీలు అంకె, డ్రైవరు సంతకం. పదేండ్లకు పైగా ఇదే పని. 2014 ప్రాంతంలో దేశం మొత్తం మీద పెట్రోలులో ఇథనాల్ నూటికి ఒకటిన్నర పాలు మాత్రమే. 2022లో పది పాళ్ళు, 2025కు ఇరవై పాళ్ళు. గేటు దగ్గర టాంకర్ల వరుస పొడుగవుతుంటే నాకు పని పెరిగిందని విసుక్కున్నానే గాని, ఆ సరుకు తిరిగి తిరిగి మా ఇంటిముందరికే వస్తున్నదని ఎన్నడూ అనుకోలేదు. బంకులో పోయించుకున్న ప్రతి అయిదు లీటర్లలో ఒక లీటరు, మా గేటుదో ఇంకో గేటుదో.

దానిని తిట్టడానికి నాకు నోరు రాదు. చక్కెర అమ్ముడు కావాలంటే నెలలు పడుతుంది. ఇథనాల్ డబ్బు వారాలలో చేతికి వస్తుంది. ఆ డబ్బుతోనే చెరకు రైతులకు బకాయీలు తీరుతున్నాయి, మాకు దీపావళి బోనసు వస్తున్నది. 2023 డిసెంబరులో చెరకు రసం నుంచి ఇథనాల్ తీయడం మీద కేంద్రం ఆంక్షలు పెట్టినప్పుడు మా ఆఫీసులో ఎవరి ముఖానా నెత్తురు చుక్క లేదు. అయితే ఒక్కమాట. కలపడం మొదలుపెట్టినప్పుడు, ఫలానా సంవత్సరానికి ముందు బండ్లవారు ఫలానా రబ్బరు మార్చుకోండని బంకులో ఒక బోర్డు వ్రేలాడదీస్తే ఎవరి సొమ్ము పోయింది? 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖవారు ఒక వివరణ ఇచ్చారు. అందులో పాత బండ్లకు ఇరవై ముప్ఫయి వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చుకోవలసి రావచ్చుననీ, అది చవక పనేననీ ఉన్నది. చవక పనే, నిజం. మా గొట్టం అంతకు ముందటి నెలలోనే చీలింది.

ఆ వివరణలోనే ఇంకొక విశేషం చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఇథనాల్‌కు ఓర్పు చాలా ఎక్కువ. దాని అంకె 108 దాటి ఉంటుంది. అది ఇరవై పాళ్ళు కలవడంచేత సాదా పెట్రోలు అంకె ఇప్పుడు 95కు చేరిందట! పూర్వం ఇదే 88 ఉండేదనీ, తర్వాత 91 అయిందనీ వాళ్ళే వ్రాశారు. నేను ఎనిమిది రూపాయలు ఎక్కువ ఇచ్చి కొన్న ప్రీమియం మీద వ్రాసి ఉన్నది కూడా 95. ఇక శుభ్రపరచే మందులు కలుపుతారు గదా అంటే, కలుపుతారు. లోపల మసి చేరకుండా అవి కొంత మేలు చేస్తాయి, కాదనను. కాని చీలిన గొట్టాన్ని అతికించవు. "మరి ప్రీమియంలో స్పిరిట్టు ఉండదా?" అని బంకు మేనేజరును అడిగాను. "95లోనూ ఉంటుంది సాహేబ్, నూరుదానిలోనే ఉండదు" అన్నాడు. అమ్మ ప్రయాణాలకు నూరుదానిని పోయించాలంటే నెలకు వెయ్యి రూపాయలకు పైగా అదనం. ఆ వెయ్యి నా దగ్గర లేదు.

మిస్త్రీ చేసిన పని మొత్తం ఇది: పంపు పొర, గొట్టాలన్నీ తీసి స్పిరిట్టుకు తట్టుకునే కొత్త రకపు రబ్బరువి వేశాడు. కార్బురేటరు గాస్కెట్ మార్చాడు. ఇథనాల్‌లో ప్రాణవాయువు ఉంటుంది గనుక మిశ్రమం పలుచన అవుతుందట. మర త్రిప్పి కాస్త చిక్కన చేశాడు. మొత్తం పదహారు వందల నలభై రూపాయలు. ఇంటికి వచ్చి మా ఆవిడ పుస్తకం తెరిచి టానిక్కు పద్దు కూడాను. ఎనిమిది నెలలకు పన్నెండు వందల ఎనభై, ఆ నూరు అంకెది అయిదు లీటర్లు పోయించినదానికి రెండు వందల డెబ్బయి అయిదు. వెరసి పదిహేను వందల యాభై అయిదు. ఆమె నా భుజం మీదుగా ఆ మొత్తం చూసి, "ఇంకో ఎనభై అయిదు వేసుకుంటే అప్పుడే బాగయ్యేది" అన్నది. ఆ పద్దు క్రింద ఎర్ర గీత గీసి మూసేసింది.

ఆయన చెప్పిన జాగ్రత్తలు మరి రెండు ఉన్నాయి. ఈ పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. టాంకు సగం ఖాళీగా ఉంచి వానాకాలమంతా బండిని మూలన పడవేస్తే అడుగున నీరు చేరి ఇంజను మొరాయిస్తుంది. నడపని బండిని కూడా వారానికి ఒకసారి నడపండి, టాంకు నిండుగా ఉంచండి. రెండవది, ఆరు నెలలకొకసారి గొట్టాలను చేత్తో నొక్కి చూడండి. మెత్తగా జిగురుగా తగిలినా, గట్టిగా పెళుసుగా తగిలినా మార్చండి. టూవీలర్లకూ ఇదే మాట. మైలేజి కొంత తగ్గుతుంది, దానికి మందు లేదు. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే వేడిమి లీటరు పెట్రోలులో మూడింట రెండు వంతులే. బాపు డైరీలో 2012 పుటలు తీసి చూస్తే లీటరుకు పదిహేడు ఉన్నది. నాకు పదిహేను వస్తున్నది. అందులో కొంత ఇథనాల్‌ది, కొంత కారు వయస్సుది, కొంత నా కాలిది కావచ్చును. బాపు మెల్లగా తొక్కేవాడు.

ఇప్పుడు సాదానే పోయిస్తున్నాను. కుర్రవాడు అలవాటుగా అడుగుతాడు. మొదటి రెండు మూడుసార్లు "సాధం" అనడానికి గొంతు కొంచెం పట్టింది. ఏదో తక్కువ చేస్తున్నట్లు. ఒకనాడు అమ్మతో అన్నాను, బాపు మాత్రల సంగతి, ఆ చుట్టం అన్న మాట. ఇన్నేండ్లూ ఎవరితోనూ అనలేదు. అమ్మ కాసేపు ఊరుకొని, "ఆయన ఆ మాట అన్నడా? వాళ్ళ నాయిన పోయినప్పుడు మందే తేలేదు" అన్నది. ఇంకేమీ అనలేదు. ఆనాడు శుక్రవారం, ఆమెకు మాట్లాడే ఓపిక లేదు.

2025 డిసెంబరులో మళ్ళీ తుల్జాపూరు వెళ్ళాము. ఘాటు మొదట్లోనే రెండవ గేరుకు దింపాను. మలుపు దగ్గర అమ్మ ముందుకు వంగి, నా సీటు పట్టుకొని చెవి యొగ్గింది. ఇంజను మూలుగుతున్నది గాని టకటక లేదు. దర్శనం బాగా జరిగింది. తిరిగి వచ్చేటప్పుడు కారు రిజిస్ట్రేషను ప్రసక్తి వచ్చింది. 2023లో అయిదు వేలు కట్టి కొత్త చేయించాను, అది అయిదేండ్లకు. 2025 ఆగస్టులో ఇరవై యేండ్లు దాటిన కార్లకు ఆ రుసుము పది వేలు చేశారు. 2028లో మళ్ళీ కట్టాలి, ఇప్పటినుంచే నెలకు మూడు వందలు తీసిపెట్టనా అని అమ్మను అడిగాను.

"తీసిపెట్టు" అన్నది అమ్మ కండ్లు మూసుకొనే. "2028కి ఎంత దూరమున్నది?"